లేత్ మీద మూడు కానుకలు: బొంగరం, ఎండుపూల కూజా, మూత భరిణె

మామూలు వడ్రంగంలో చెక్క కుదురుగా ఉంటుంది, పనిముట్టు కదులుతుంది. తరిమెన పనిలో, అంటే చెక్కని తిప్పే యంత్రమైన లేత్ మీద చేసే పనిలో, అంతా తలకిందులు. చెక్కే గిర్రున తిరుగుతూ ఉలి మీదికి వస్తుంది. ఆ ఒక్క తేడాకి చేయి అలవాటు పడిందంటే, రంపం సరిగా పట్టడం రానివాళ్లు కూడా నలుగురికీ చూపించదగ్గ వస్తువు తీయగలరు.

లేత్ కొన్న కొత్తలో అందరి చూపూ పెద్ద గిన్నె మీదే ఉంటుంది. కాస్త ఆగండి. గిన్నెకి బిగించే చెక్కలో నార అడ్డంగా పడి ఉంటుంది కాబట్టి ప్రతి చుట్టులోనూ రెండుసార్లు ఉలికి ఎదురొస్తుంది. చేయి కుదరకముందే దాన్ని పట్టుకుంటే ఉలి చిక్కుకోవడం, చెక్క పెళ్లలుగా లేవడం, భయం పట్టుకోవడం వరసగా జరుగుతాయి. నా సలహా మూడు చిన్న వస్తువులు, అదీ ఈ వరసలోనే: బొంగరం, ఎండుపూల కూజా, మూత ఉన్న భరిణె. మూడింటిలోనూ నార లేత్ పొడవునే ఉంటుంది. బొంగరంతో ఉలి పట్టడం వస్తుంది, కూజాతో వంపు కనిపించడం మొదలవుతుంది, భరిణెతో కొలత అబ్బుతుంది. పైగా మూడూ ఎవరికైనా ఇవ్వడానికి పనికొచ్చేవే.

మీట నొక్కే ముందు

కళ్లద్దాలు చాలవు. ముఖమంతా కప్పే షీల్డు వేసుకోండి. తిరిగే చెక్క విరిగితే ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. చేతి తొడుగులు మాత్రం వద్దు. వాటి అంచు చిక్కుకుంటే చెక్క చేతిని లోపలికి లాగేస్తుంది. ఉంగరాలు, గడియారం, వేలాడే గొలుసు, చున్నీ తీసి పక్కన పెట్టండి. పొడుగు చేతుల చొక్కా అయితే మోచేతుల పైకి మడవండి. జుట్టు ముడి వేసుకోండి.

దుమ్ము సంగతి చాలామంది పట్టించుకోరు. చెక్క ధూళి మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మొదటి వర్గంలో చేర్చింది. కాబట్టి నునుపు చేసేటప్పుడు మంచి మాస్కు తప్పదు, మెడలో వేలాడదీస్తే లాభం లేదు. గన్నేరు కొమ్మ ఎంత తెల్లగా, నున్నగా కనిపించినా లేత్ మీదికి తేకండి. ఆ చెట్టులో ప్రతి భాగమూ విషమే. రోజ్‌వుడ్ జాతుల పొడి కొందరికి దద్దుర్లు, తుమ్ములు తెస్తుంది. కొత్త చెక్కతో మొదటిరోజు కాసేపే పని చేసి చూసుకోండి.

ఇంకో మూడు అలవాట్లు. చెక్క బిగించాక చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూశాకే మీట వేయండి. మీట వేసేటప్పుడు చెక్కకి ఎదురుగా కాకుండా ఒక పక్కకి నిలబడండి. ఉలి ఆనించే కడ్డీని, అంటే టూల్ రెస్ట్‌ని జరపాలంటే, రెండు క్షణాల పనైనా సరే, లేత్ ఆపాకే జరపండి.

చెక్క

చిన్న వస్తువులకి చెక్క కొనక్కర్లేదు. కొట్టేసిన కొమ్మలు, పాత కుర్చీ కాళ్లు, వడ్రంగి దగ్గర మిగిలిన ముక్కలు, కట్టెల పొయ్యికి తెచ్చినవాటిలో మంచివి, అన్నీ పనికొస్తాయి. చూడాల్సింది నాలుగు: పగుళ్లు ఉండకూడదు, మేకులు ఉండకూడదు, ఊగే కణుపులు ఉండకూడదు, నార తిన్నగా ఉండాలి. ముక్కని గట్టి నేల మీద కొట్టి వినండి. బాగున్న చెక్క ఖంగుమంటుంది, లోపల పగులు ఉన్నది డబ్‌మని మూగగా పలుకుతుంది.

పచ్చి చెక్క ఎండడానికి అంగుళం మందానికి ఏడాది అని పాతలెక్క. అది సుమారు మాటే. నమ్మకమైన పద్ధతి తూకం. ముక్క మీద తేదీ, బరువు పెన్సిల్‌తో రాసి నెలకోసారి తూచండి. బరువు తగ్గడం ఆగిపోయిందంటే మీ గదిలోని గాలికి ఎంత ఎండాలో అంత ఎండినట్టు. కోసిన రెండు కొనలకీ కరిగించిన మైనం పూయడం మరవకండి, చెక్కలో నీరు అక్కడినుంచే తొందరగా పోతుంది, పగులూ అక్కడే మొదలవుతుంది. కాండం నడిబొడ్డు ముక్కలో పడకుండా కోసుకోండి.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి, భరిణె దగ్గర మళ్లీ అవసరమవుతుంది. ఎండేటప్పుడు చెక్క అన్నివైపులా ఒకేలా కుంచించుకోదు. వయసు వలయాల వెంబడి కుంచించుకునేది, నడిమధ్య నుంచి బెరడు వైపు కుంచించుకునేదానికి దాదాపు రెట్టింపు. పొడవునా అయితే దాదాపు సున్నా. అందుకే ఈ రోజు గుండ్రంగా తీసింది కొన్నాళ్లకి కోడిగుడ్డులా అవుతుంది.

పనిముట్లు, పదును

చిన్న లేత్, చెక్క కొనని పట్టి తిప్పే నాలుగు దవడల చక్, నాలుగు ఉలులు చాలు: చదరాన్ని గుండ్రం చేయడానికి రఫింగ్ గోజ్, వంపులకి స్పిండిల్ గోజ్, కోసి విడదీయడానికి పార్టింగ్ టూల్, లోపలి నునుపుకి గుండ్రటి ముక్కు స్క్రేపర్. గోజ్ అంటే దోనెలా లోపలికి వంగిన ఉలి. డజను ఉలుల పెట్టె చూసి ఆశపడకండి. ఆ డబ్బు సాన యంత్రం మీద పెట్టండి.

ఎందుకంటే ఈ పనిలో కష్టం అనిపించేదాంట్లో సగం మొండి ఉలి వల్లే. పదునైన ఉలి కింద చెక్క రిబ్బన్లలా చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. పొడి రాలుతోందంటే మీరు కోయడం లేదు, గీకుతున్నారు. అప్పుడు చేత్తో బలం పెట్టకండి, సాన దగ్గరికి వెళ్లండి. రఫింగ్ గోజ్‌కి 45 డిగ్రీలు, స్పిండిల్ గోజ్‌కి 35 నుంచి 40 డిగ్రీల వాలు బాగుంటుంది. వాలు అంటే మొన వెనక సానపట్టిన ఏటవాలు ముఖం. కోణం ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా నష్టం లేదు, ప్రతిసారీ అదే కోణం రావడం ముఖ్యం. ఉలి వాలు మీద మార్కర్ పెన్నుతో రంగు పూసి సానకి ఒక్కసారి తాకించి చూడండి. రంగు వాలు అంతటా సమంగా పోతే కోణం కుదిరింది. మొన దగ్గరే పోతే ఉలి ఎక్కువ నిలబెట్టారు, మడమ దగ్గర, అంటే వాలు వెనక అంచున పోతే తక్కువ.

వేగం లెక్క ఇది: చెక్క వ్యాసం అంగుళాల్లో తీసుకుని నిమిషానికి చుట్ల సంఖ్యతో గుణిస్తే 6000కీ 9000కీ మధ్య రావాలంటారు. రెండంగుళాల చెక్కకి అది 3000 నుంచి 4500. కొత్తవాళ్లు అందులో సగంతో హాయిగా పని చేయవచ్చు. చదరంగా ఉన్నంతసేపు ఇంకా తక్కువ, వెయ్యి దరిదాపుల్లో ఉంచండి. ఈజిప్టులో క్రీస్తుపూర్వం 300 ప్రాంతపు పెటోసిరిస్ సమాధి గోడ మీద లేత్ పని చెక్కి ఉంది: ఒకరు తాడు లాగి చెక్కని తిప్పుతుంటే ఇంకొకరు ఉలి పట్టుకున్నారు. తాడు లాగే మనిషి పని ఇప్పుడు మోటారు చేస్తోంది. ఉలి పట్టిన చేయి మాత్రం అదే.

బొంగరం

40 మిల్లీమీటర్ల చదరం, 100 మిల్లీమీటర్ల పొడవు ముక్క తీసుకోండి. రెండు కొనల్లోనూ మూల నుంచి మూలకి గీతలు గీసి మధ్యబిందువు గుర్తించి, లేత్ రెండు వైపులా ఉండే మొనల మధ్య, అంటే రెండు సెంటర్ల మధ్య బిగించండి. టూల్ రెస్ట్ చెక్కకి ఓ అర సెంటీమీటరు దూరంలో, ఉలి మొన చెక్క నడిమికి కాస్త పైన తగిలేంత ఎత్తులో ఉండాలి.

ఇప్పుడు అసలు పాఠం. మూడు మాటలు: ఆనించు, రుద్దు, కోయి. ముందు ఉలిని టూల్ రెస్ట్ మీద ఆనించండి. చెక్కకి తగలకముందే అది రెస్ట్ మీద కుదురుగా కూర్చోవాలి. తర్వాత పిడి కిందికి దించి, ఉలి వాలు మాత్రమే తిరిగే చెక్కని రుద్దేలా తాకించండి. ఇంకా కోత పడకూడదు. ఆపైన పిడిని మెల్లగా ఎత్తుతూ పోండి, ఒకచోట మొన చెక్కని అందుకుంటుంది, సన్నటి పొర లేస్తుంది. అక్కడే ఆపి, ఆ కోణాన్ని వదలకుండా పక్కకి జరపండి. మణికట్టుతో కాదు, నడుముతో. పిడి చివర తొడకి ఆనించి ఒంటిబరువు ఒక కాలి మీంచి ఇంకో కాలికి మార్చితే ఉలి దానంతటదే తిన్నగా వెళ్తుంది. ఉలి హఠాత్తుగా చిక్కుకుందంటే నూటికి తొంభై సార్లు వాలు ఆసరా లేకుండా మొన ఒక్కటే చెక్కకి తగిలిందన్నమాట.

ఇంకో నియమం ఎప్పుడూ మెట్ట నుంచి పల్లానికే కోయాలని. లావు నుంచి సన్నానికి దిగుతూ వస్తే ఉలి కోసే ప్రతి పోగుకీ కింద ఇంకో పోగు ఆసరా ఉంటుంది. ఎదురెక్కితే పోగులు చీలి లేస్తాయి.

గుండ్రం అయ్యాక ఒక కొనలో చక్ పట్టుకోవడానికి వీలుగా చిన్న మెడ తీయండి, దాన్ని టెనన్ అంటారు. ఆరేడు మిల్లీమీటర్ల పొడవు చాలు, భుజం నిటారుగా ఉండాలి. చక్‌లో బిగించి, బొంగరం ముల్లు బయటి కొన వైపు వచ్చేలా చెక్కండి. ముల్లు బయట ఉంటే చక్కగా మధ్యకి వస్తుంది, చివర్లో కోసి విడదీసేది పిడి కొన అవుతుంది. లావు భాగం ముల్లుకి దగ్గరగా, కింద ఉండాలి. బరువు ఎంత కిందుంటే అంతసేపు నిద్రపోతుంది బొంగరం. ముల్లు మరీ సూదిలా వద్దు, జొన్నగింజ కొనలా కాస్త మొద్దుగా ఉంటే నేల గీసుకోదు, ముల్లూ అరగదు. పొట్ట పూర్తయ్యాక నునుపు చేసి, పాలిష్ కూడా పట్టించి, ఆ తర్వాతే పిడిని అయిదారు మిల్లీమీటర్లకి సన్నం చేయండి. ముందే సన్నం చేస్తే బరువైన పొట్ట ఊగిపోయి విరుగుతుంది.

తిప్పి చూడండి. వణుకుతూ తిరిగితే చెక్క ఒక పక్క చేవ, ఒక పక్క తెల్లచెక్క అయి ఉండొచ్చు, బరువు సమంగా లేదు. అలాంటిది మీ దగ్గరే ఉంచుకోండి. ఒక్కటి చేసి ముందుకెళ్లకండి, పది చేయండి. ఏడో ఎనిమిదో బొంగరం దగ్గర చేతికి తెలుస్తుంది, అది మాటల్లో చెప్పగలిగేది కాదు. పదింటిలో బాగున్న నాలుగు పంచండి, మూడేళ్లలోపు పిల్లలకి మాత్రం వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

ఎండుపూల కూజా

60 మిల్లీమీటర్ల చదరం, 150 మిల్లీమీటర్ల పొడవు. గుండ్రం చేసి, టెనన్ తీసి, చక్‌లో బిగించండి. రూపం చెక్కకముందే రంధ్రం వేయండి. లేత్ కుడివైపు ముందుకీ వెనక్కీ జరిగే దిమ్మలో, అంటే టెయిల్‌స్టాక్‌లో, బిట్‌ని పట్టే డ్రిల్ చక్ పెట్టి 10 మిల్లీమీటర్ల బిట్‌తో, వేగం 500 దగ్గర ఉంచి, ఓ 90 మిల్లీమీటర్ల లోతుకి తొలవండి. లోతు తెలియడానికి బిట్‌కి టేపు చుట్టండి. ప్రతి రెండు సెంటీమీటర్లకీ బిట్ బయటికి లాగి పొట్టు దులపండి, లేకపోతే వేడెక్కి ఇరుక్కుంటుంది. తర్వాత శంకువు ఆకారపు సెంటర్‌ని ఆ రంధ్రంలోకి ఆనిస్తే రూపం చెక్కేటప్పుడు ఊగదు.

రూపం విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: ఒక్క వంపు చాలు. కొత్తలో అందరం పూసలు, కాడలు, మెట్లు అన్నీ ఒక్క కూజా మీదే పెట్టేస్తాం, చివరికి మంచం కోడులా తయారవుతుంది. లావైన చోటు ఎత్తులో మూడోవంతు దగ్గర, కింది నుంచైనా పై నుంచైనా పెట్టండి. సరిగ్గా మధ్యలో పెడితే కూజా మందకొడిగా కనిపిస్తుంది. అక్కడి నుంచి మెడ దాకా వంపు ఎక్కడా చదునుగా ఆగకూడదు. లేత్ ఆపి, వెనక తెల్ల కాగితం పట్టుకుని అంచునే చూడండి. తిరిగేటప్పుడు కనపడని గుబ్బ అప్పుడు కనపడుతుంది. కళ్లు మూసుకుని వేలితో తడిమినా దొరుకుతుంది. కంటికన్నా వేలిని ఎక్కువ నమ్మవచ్చు.

అడుగు కాస్త లోపలికి పల్లంగా చెక్కితే కూజా అంచు మీద నిలుస్తుంది, బల్ల మీద ఊగదు. ఇది ఎండిన గడ్డిపూలు, కంకులు పెట్టడానికే. నీళ్లు పోస్తే పగులుతుంది, ఇచ్చేటప్పుడే ఆ మాట చెప్పండి.

భరిణె

మూడింటిలో నాకు ప్రాణం ఇది. తీసుకున్నవాళ్లు ముందు మూత తీస్తారు. అది చేతికి వచ్చే తీరులోనే మీ పనితనం మొత్తం వాళ్లకి తెలిసిపోతుంది. 60 మిల్లీమీటర్ల చదరం, 120 పొడవు ముక్కని గుండ్రం చేసి రెండు కొనల్లోనూ టెనన్ తీయండి. మూత ఎక్కడిదాకా, అడుగు ఎక్కడినుంచీ అన్నది నిర్ణయించుకోండి. మూత మొత్తం ఎత్తులో మూడోవంతు లోపే ఉంటే అందంగా ఉంటుంది. రెండు భాగాల మీదుగా పెన్సిల్‌తో ఒక నిలువు గీత గీయండి. సన్నటి పార్టింగ్ టూల్‌తో విడదీయండి. ఎంత సన్నగా కోస్తే మూతా అడుగూ కలిసినచోట నార గీతలు అంత చక్కగా కలుస్తాయి.

ముందు మూత తొలవాలి. టెనన్ పట్టి చక్‌లో బిగించి, నడిమధ్య లోతు రంధ్రం వేసుకుని, స్పిండిల్ గోజ్‌తో మధ్య నుంచి అంచు వైపు కోస్తూ రండి. ఇక్కడ పోగుల కొనలు మీకు ఎదురుగా ఉంటాయి, అందుకే దిశ ఇలా. చివర్లో స్క్రేపర్‌ని పిడి కాస్త ఎత్తి, మొన కిందికి చూసేలా పట్టుకుని ఒకటి రెండుసార్లు తేలిగ్గా తీయండి. మూత అంచు లోపలి గోడ, ఓ ఎనిమిది మిల్లీమీటర్ల మేర, పూర్తిగా తిన్నగా ఉండాలి. లోపలికి వెళ్లేకొద్దీ సన్నబడినా వెడల్పయినా మూత కుదరదు. కాలిపర్ అనే కొలత పనిముట్టుతో అంచు దగ్గరా లోపలా రెండుచోట్లా కొలవండి.

తర్వాత అడుగు బిగించి లోపల తొలిచి, మూత కూర్చునే మెడ చెక్కండి. కొలత చూసి ఒక్కసారిగా కోయకండి. మెడ మొన ఒక్క మిల్లీమీటరు మేర మాత్రం కాస్త వాలుగా తీసి, లేత్ ఆపి, మూత పెట్టి కొద్దిగా తిప్పండి. తగిలినచోట మెరిసే గీత పడుతుంది. ఆ గీతే మీ కొలత. మిగతా మెడని ఆ గీత మట్టానికి తెచ్చే దాకా వెంట్రుకవాసి చొప్పున తీస్తూ, ప్రతిసారీ మూత పెట్టి చూడండి. అరగంట పట్టినా పట్టనివ్వండి.

మొదట మూత బిగుతుగానే ఉండాలి, ఎందుకంటే మూత పెట్టి ఉండగానే బయటి రూపం చెక్కాలి. పెన్సిల్ గీతలు కలిపి మూత నొక్కి, టెయిల్‌స్టాక్ ఆసరా ఇచ్చి, మూత పైనున్న టెనన్ కోసేసి, రెంటినీ ఒకే వస్తువులా చెక్కండి. కలిసే చోట చిన్న గాడి పెడితే మంచిది. చెక్క కదిలి అంచులు వెంట్రుకవాసి ఎగుడుదిగుడైనా ఆ గాడి నీడలో కలిసిపోతుంది. బయట పూర్తయ్యాక మూత తీసి మెడని గరుకు కాగితంతో ఒకటి రెండు తాకులు తాకించి వదులు చేయండి. భరిణె కింద పట్టుకోకుండా ఒంటిచేత్తో మూత రావాలి. మా అక్కకి ఇచ్చిన మొదటి భరిణె మూత టప్‌మని శబ్దం వచ్చేంత బిగుతుగా ఉంచి ఎంతో సంతోషపడ్డాను. వానాకాలం రాగానే చెక్క కోలగా సాగి మూత ఇరుక్కుపోయింది, తీయడానికి అంచు చీల్చాల్సి వచ్చింది. అప్పటినుంచి లోపల ఉజ్జాయింపుగా తొలిచి, గోడలు మందంగా వదిలి, మూడు నాలుగు వారాలు పక్కన పెట్టాకే చివరి కొలతకి వస్తున్నాను. చెక్క కదలాల్సినదంతా ఆలోపే కదిలిపోతుంది.

అడుగు భాగాన్ని చివరికి తిరగేసి చెక్కడానికి, పనికిరాని ముక్క ఒకటి చక్‌లో పెట్టి భరిణె నోరు దాని మీద బిగుతుగా కూర్చునేలా చెక్కుకోండి.

నునుపు, మెరుపు

గరుకు కాగితం 120తో మొదలుపెట్టి 180, 240, 320, 400 వరసగా వెళ్లండి. ఒక అంకె దాటేస్తే ముందు గీతలు పాలిష్ పడ్డాక బయటపడతాయి. ఉలి కోత శుభ్రంగా ఉంటే 180తోనే మొదలుపెట్టవచ్చు. టూల్ రెస్ట్ తీసేసి, వేగం తగ్గించి, కాగితాన్ని చెక్క కింది వైపున పట్టుకోండి, దుమ్ము మీకు దూరంగా పోతుంది. వేళ్ల చుట్టూ చుట్టకండి. ప్రతి అంకె తర్వాత లేత్ ఆపి, నార పొడవునా చేత్తో రుద్దితే అడ్డగీతలు పోతాయి.

పాలిష్‌కి గుడ్డ వాడకండి, చిక్కుకుంటే వేలు లాగుతుంది. పేపర్ టవల్ అయితే చిరిగి వదిలేస్తుంది. నాకు చిన్న వస్తువుల మీద లక్క పాలిష్ ఇష్టం: స్పిరిట్‌లో కరిగిన లక్క నిమిషాల్లో ఆరుతుంది, దాని మీద తేనెమైనం రుద్ది తిప్పితే రాపిడి వేడికి మైనం కరిగి పరుచుకుంటుంది. బొంగరాలకి అవిసె నూనె బాగుంటుంది, కానీ పచ్చి నూనె ఆరడానికి వారాలు పడుతుంది. ఆ నూనె తుడిచిన కాగితాలు, గుడ్డలు ఉండ చుట్టి పడేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, బయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి.

భరిణె లోపల మాత్రం నూనె అస్సలు పూయకండి. మూత వేసి ఉంచేసరికి ఆ వాసన నెలల తరబడి పోదు. లోపల లక్క, మైనం చాలు. అడుగున చెక్క పేరు, సంవత్సరం సన్నగా రాసి, ఆ రాత మీద ఒక పూత లక్క వేయండి. కట్టి ఇచ్చే ముందు వారం రోజులు మూత పక్కన పెట్టి గాలికి ఉంచండి.